రెండో కేసెట్

మావయ్య సంవత్సరీకానికి గుడివాడ వెళ్ళినప్పుడు అత్తయ్య అటక మీద ఉన్న రేకు పెట్టె దించమంది. "అందులో ఏమున్నాయో చూసి నీక్కావాల్సినవి పట్టుకెళ్ళు నాన్నా, మిగతావి పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తాను" అంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, దుమ్ము దులిపి, జాగ్రత్తగా కిందికి దించి మూత తీశాను. తీయగానే వచ్చిన వాసనకి అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పాత ప్లాస్టిక్కు, బూజు, కలరా ఉండలు, వాటన్నిటి అడుగున ఎక్కడో సన్నగా స్పిరిట్ వాసన. నా చిన్నప్పుడు స్కూలు వదలగానే పుస్తకాల సంచీతో నేరుగా వెళ్ళి కూర్చున్న గది వాసన అది. ఇన్నేళ్ళూ ఆ పెట్టెలో మూత కింద అట్లాగే ఉంది.

లోపల నలభైకి పైగా వీడియో కేసెట్లు. కొన్నిటికి అట్ట డబ్బాలు లేవు, కొన్నిటికి ఎలుకలు కొరికిన గుర్తులు. అన్నిటి మీదా తెల్ల కాగితం అంటించి, ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో మావయ్య గుండ్రటి అక్షరాలు. సినిమా పేరు, కింద నంబరు, ఆ పక్కన ఒక మూలగా చిన్న మార్కు. బొమ్మ బాగుంటే చుక్క, బాగోలేకపోతే అడ్డగీత. ఆ మార్కు మా ఇద్దరికే తెలుసు.

* * *

మావయ్య వీడియో కేసెట్లు అద్దెకిచ్చే షాపు బస్టాండు పక్క సందులో ఉండేది. అంతకు ముందు అది టైలరింగు షాపు. గోడకి కొట్టిన చెక్క అరల్లో దారపు రీళ్ళు పోయి కేసెట్లు వచ్చాయి, అంతే తేడా. మావయ్య రేడియోలు బాగుచేయడం నేర్చుకున్న మనిషి. ఒకాయన రిపేరుకని తెచ్చిన డెక్కుని, అంటే వీడియో కేసెట్లు ఆడే యంత్రాన్ని, విప్పి చూసి, లోపల టేపు డ్రమ్ము చుట్టూ వాలుగా తిరుగుతూ ఉంటే ఆ పూట అన్నం కూడా తినలేదని అత్తయ్య చెప్పేది. ఆ తర్వాత ఆరు నెలలకే అప్పుచేసి ఫునాయ్ డెక్కు ఒకటి, కలర్ టీవీ ఒకటి, పాతిక కేసెట్లు కొని బోర్డు పెట్టేశాడు.

కొత్త కేసెట్లు బెజవాడ గాంధీనగర్ నుంచి వచ్చేవి. సినిమా పంపిణీ ఆఫీసులన్నీ అక్కడే కదా, ఆ చుట్టుపక్కల సందుల్లోనే కేసెట్ల వాళ్ళు కూడా ఉండేవాళ్ళు. మావయ్య వారానికోసారి పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, సాయంత్రం బస్సులో గుడ్డ సంచీతో దిగేవాడు. ఆ రోజు నేను బస్టాండులో ముందే వెళ్ళి నిలబడేవాణ్ణి. నేనొక్కణ్ణే కాదు, హోటల్లో పనిచేసే కుర్రాళ్ళు, సైకిల్ షాపాయన, కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ తిరుగుతూ కనబడేవాళ్ళు. అందరూ వేరే పని మీద వచ్చినట్టే ఉండేవాళ్ళు గానీ బస్సు ఆగగానే అందరి కళ్ళూ ఆ సంచీ మీదే. మావయ్య దిగుతూనే సంచీ బరువు చూపించడానికి చెయ్యి కాస్త పైకెత్తేవాడు. అది ఎంత ఎత్తితే అన్ని కొత్త సినిమాలు వచ్చినట్టు.

ఇప్పుడు నా స్నేహితుడొకడు ప్రతి నెలా వాట్సాప్‌లో ఒక జాబితా పంపిస్తాడు. రాబోయే నెలల్లో ఏ పాత సినిమాలు డిస్కు మీద వస్తున్నాయి, ఏది 4కేలో, అంటే బాగా స్పష్టమైన బొమ్మతో, వస్తోంది, ఏది ఎవరు బాగుచేశారు, ఇవన్నీ. వాడు పంపిన ప్రతిసారీ నాకు ఆ బస్టాండే గుర్తొస్తుంది. ఎదురుచూడటం మాత్రం ఏమీ మారలేదు నాలో.

* * *

నా పని రివైండ్ చేయడం. "చూశాక వెనక్కి తిప్పి ఇవ్వండి, లేదంటే రూపాయి అదనం" అని బోర్డు ఉండేది కానీ ఎవరూ తిప్పేవాళ్ళు కాదు, మావయ్య ఎవర్నీ రూపాయి అడిగేవాడూ కాదు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి బల్ల మీద పది పన్నెండు కేసెట్లు పోగుపడి ఉండేవి. ఒక్కొక్కటే డెక్కులో పెట్టి మీట నొక్కితే మొదట మెల్లిగా ఊఁ అంటూ మొదలై, వేగం అందుకుని, చివర్లో సన్నటి ఈలలాగా అయి, టక్కుమని ఆగేది. ఆ చప్పుడు వింటూ హోంవర్కు చేసుకునేవాణ్ణి. ఇప్పటికీ ఏదైనా మోటారు అట్లా సన్నగా మోగి టక్కుమంటే నా చెయ్యి తర్వాతి కేసెట్ కోసం వెళ్ళబోతుంది.

కేసెట్ విప్పడం కూడా అక్కడే నేర్చుకున్నాను. వెనక ఐదు స్క్రూలు ఉంటాయి. అవి తీసి, పై డొప్ప నిదానంగా ఎత్తాలి, తొందరపడితే స్ప్రింగు ఎగిరిపోతుంది. మూడు గంటల కేసెట్లో 250 మీటర్ల పైచిలుకు టేపు ఉంటుంది, అరంగుళం వెడల్పుతో. డెక్కు టేపుని నమిలేస్తే నలిగిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ సరిగ్గా కలిపి, వెనక వైపు మాత్రమే సెల్లోటేపు అంటించాలి. ముందు వైపు అంటిస్తే టేపు మీది బొమ్మని చదివే హెడ్డు పాడవుతుంది. అట్లా అతికించిన చోట బొమ్మ ఒక్కసారి గంతు వేస్తుంది. ఏ సినిమాలో ఎక్కడ గంతు వేస్తుందో నాకు కంఠతా వచ్చు.

వానాకాలం వచ్చిందంటే మావయ్యకి టెన్షన్. మాది డెల్టా, గోడలు కూడా చెమ్మగిల్లుతాయి. కేసెట్ అద్దంలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా పొడిలాగా బూజు కనబడేది. ఆ కేసెట్ డెక్కులో పెడితే హెడ్డుకి పట్టేస్తుంది, దాని వెనక పెట్టిన ప్రతి కేసెట్‌కీ అంటుకుంటుంది. అందుకని మావయ్య బూజు పట్టినవి వేరుగా తీసి, రాత్రిళ్ళు బల్బు కింద కూర్చుని, దూదికి స్పిరిట్ తడిపి, టేపుని చేత్తో తిప్పుతూ మీటరు మీటరుగా తుడిచేవాడు. హెడ్డుకి మాత్రం కొత్త కరెన్సీ నోటు. కరకరలాడే నోటు మడిచి దాని అంచుతో సుతారంగా రుద్దేవాడు. మెత్తబడిన నోటు పనికిరాదు. బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఒక కొత్త నోటు అడిగి తెచ్చుకుని జేబులో విడిగా పెట్టుకునేవాడు, ఎంత అవసరమొచ్చినా దాన్ని ఖర్చుపెట్టేవాడు కాదు.

* * *

మా షాపులో అన్నిటికన్నా ఎక్కువ అరిగిన కేసెట్ మాయాబజార్. 1957 నాటి సినిమా, మా ఊళ్ళో కేసెట్లు అద్దెకిచ్చే కాలానికే ముప్పై ఏళ్ళ పాతది, అయినా పండగొస్తే దానికోసం పోటీ. దాని మీద చుక్కా ఉండేది, అడ్డగీతా ఉండేది. సినిమా అంతా బొమ్మ శుభ్రంగానే ఉండేది కానీ ఘటోత్కచుడు భోజనం చేసే పాట దగ్గరికి వచ్చేసరికి తెర నిండా తెల్లటి చారలు, వానలాగా. ఎందుకంటే తీసుకెళ్ళిన ప్రతివాళ్ళూ ఆ పాట వెనక్కి తిప్పి రెండోసారి, మూడోసారి వేసుకునేవాళ్ళు. పిల్లలున్న ఇళ్ళల్లో అయితే ఇంకా ఎక్కువ. లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి వెళ్ళే చోట బొమ్మని ఆపి పెట్టేవాళ్ళు, ఆపితే హెడ్డు అదే చోట టేపుని గీస్తూ ఉంటుంది. ఊరంతటికీ ఏది బాగా ఇష్టమో ఆ కేసెట్ చూస్తే తెలిసిపోయేది. వేరే సినిమాలకీ అంతే. ఒకదానికి ఫైటు దగ్గర చారలు, ఒకదానికి ఏడుపు సీను దగ్గర.

మా వీధి చివర ఒక ముసలమ్మగారు ఉండేది. డెక్కు అనీ వీసీపీ అనీ ఆమెకి నోరు తిరిగేది కాదు. "ఒరే, ఆ ప్రియదర్శిని పెట్టె పంపమని మీ మావయ్యతో చెప్పు" అనేది. మాయాబజార్లో శశిరేఖ పుట్టినరోజుకి కృష్ణుడిచ్చే పెట్టె, తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనబడే పెట్టె. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు కనబడతాడు. ఇంట్లో వీడియో అనేది ఊహలో కూడా లేని రోజుల్లో విజయా వాళ్ళు దాన్ని తెర మీద చూపించారు. ఆవిడ దానికి పెట్టిన పేరుకన్నా మంచి పేరు నేను ఇంతవరకూ వినలేదు.

2010లో ఆ సినిమాకి రంగులు వేసి విడుదల చేసినప్పుడు మావయ్యా నేనూ బెజవాడ వెళ్ళి చూశాం. భోజనం పాట వచ్చినప్పుడు ఒక్క చార లేదు. మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. బయటికొచ్చాక చాలాసేపు ఆ శుభ్రం గురించే మాట్లాడాడు. నాకు మాత్రం రంగులు అంతగా నచ్చలేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లో తీసిన వెన్నెల, ఆ నీళ్ళమీద పడవ, అది రంగుల్లో కాస్త పలచబడిపోయినట్టు అనిపించింది. ఎంతో కష్టపడి చేశారు, ఆ పనికి నమస్కారమే. కానీ అదే శ్రమతో నలుపు తెలుపు నెగటివ్‌ని ఉన్నదున్నట్టు శుభ్రం చేసి మంచి డిస్కుగా ఇస్తే ఇల్లిల్లూ దాచుకుంటుందని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

* * *

ఊళ్ళకి డెక్కు అద్దెకి పంపినప్పుడు నన్నూ పంపేవాడు, పెద్దవాళ్ళెవరితోనైనా. పామర్రు వైపు, నిమ్మకూరు వైపు, కైకలూరు వైపు కూడా వెళ్ళాం. సైకిల్ క్యారేజీ మీద దుప్పట్లో చుట్టి కట్టిన డెక్కు, వెనక ఇంకో సైకిల్ మీద టీవీ, కాలవ గట్టు మీద గతుకులొచ్చినప్పుడల్లా దిగి నడిపించడం. రాత్రికి మూడు సినిమాలు. వరస కూడా ఒక పద్ధతి ప్రకారమే ఉండేది. మొదట పెద్దవాళ్ళకోసం పౌరాణికమో పాత సినిమానో, రెండోది కొత్తది, మూడోది తెల్లవారుజామున కుర్రాళ్ళకి చిరంజీవి సినిమా. మూడోదానికి చిన్నపిల్లలందరూ చాపల మీద ఎక్కడివాళ్ళక్కడ నిద్రలో ఉండేవాళ్ళు.

అరుగు మీద బల్ల వేసి దాని మీద టీవీ పెట్టేవాళ్ళం. వీధిలో అడ్డంగా జనం కూర్చుంటే ఎడ్లబండి వస్తే కూడా దారి ఉండేది కాదు. ఎన్టీఆర్ కృష్ణుడి వేషంలో కనబడగానే ఒకసారి ఒకావిడ లేచొచ్చి టీవీకి హారతిచ్చింది. కర్పూరం పొగ డెక్కులోకి పోతుందని నాకు భయం, ఆపమని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఊరు ఆయన పుట్టిన ఊరికి కూతవేటు దూరం.

దానవీరశూరకర్ణ, లవకుశ మాత్రం పట్టుకెళ్ళాలంటే మావయ్య రెండుసార్లు ఆలోచించేవాడు. అవి రెండేసి కేసెట్లు. లవకుశ మూడున్నర గంటలు, దానవీరశూరకర్ణ దాదాపు నాలుగు గంటలు, మూడు గంటల కేసెట్లో ఎట్లా పడతాయి? ఒకరెవరో దానవీరశూరకర్ణని నరికి ఒకే కేసెట్‌లో పట్టించి అమ్మారు. మావయ్య తెలియక కొన్నాడు. దాన్ని తీసుకెళ్ళినాయన రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. అస్త్రవిద్యా ప్రదర్శన సభలో సుయోధనుడి మాటల్లో సగం లేవు, నేను ఆ సినిమా హాల్లో పదకొండు సార్లు చూశాను, నాకు తెలీదనుకుంటున్నారా అని గట్టిగా అడిగాడు. మావయ్య డబ్బు వెనక్కిచ్చి, మర్నాడే బెజవాడ వెళ్ళి రెండు కేసెట్ల ప్రింట్ తెచ్చి ఆయన ఇంటికి తనే ఇచ్చొచ్చాడు. "ఆయన చెప్పింది నిజమేరా, సగం కోసి ఇచ్చేది సినిమా కాదు" అన్నాడు నాతో.

లవకుశ తెలుగులో పూర్తి నిడివి మొదటి రంగుల చిత్రం, 1963. మా దగ్గరున్న కేసెట్లో రంగులు ఎర్రగా, కుంకుమ నీళ్ళు పోసినట్టు ఉండేవి. అది మా డెక్కు లోపం అని చాలాకాలం అనుకున్నాను. ఆ రోజుల్లో రంగుల ఫిల్ము మీద రంగులు ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతాయని, అందులో నీలి ఆకుపచ్చ ముందు పోయి ఎరుపు మిగులుతుందని, అట్లాంటి ప్రింట్ల నుంచే కేసెట్లు తీసేవాళ్ళని తర్వాత తెలిసింది. వాల్మీకి ఆశ్రమంలో చెట్లు నాకు ఇప్పటికీ ఎర్రగానే గుర్తు.

* * *

మా ఊరి సినిమాహాలు ఆపరేటర్ ఒకాయన ఖాళీ దొరికినప్పుడు షాపుకొచ్చి కూర్చునేవాడు. ఆయన చెప్పేవాడు, రీలు డబ్బా మూత తీయగానే పుల్లటి వాసన వస్తే ఇంక ఆ రీలు దక్కదని. "పులిసిపోయింది" అనేవాడు, పిండి గురించి చెప్పినట్టే. అది ఉత్త మాట కాదు. ఆ కాలపు ఫిల్ము పట్టీ ఎసిటేట్‌తో చేసింది, వేడికీ తేమకీ అది విరిగి వెనిగర్ తయారవుతుంది, కుంచించుకుపోతుంది, ఒక రీలుకి మొదలైతే పక్క రీలుకి కూడా తగులుతుంది. మన వేడిలో మన తేమలో రేకుల షెడ్లలో పడివున్న తెలుగు సినిమాలు ఎన్ని అట్లా పులిసిపోయాయో తలుచుకుంటే కడుపులో తిప్పినట్టవుతుంది. 1932లో వచ్చిన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద ఇవాళ చూద్దామంటే చూడలేం.

పుష్పకవిమానం సంగతి ఒకటి చెప్పాలి. సింగీతం శ్రీనివాసరావుగారు 1987లో తీసిన మాటల్లేని సినిమా. ఒకసారి బెజవాడలో తెలుగు పేరున్న కేసెట్ దొరక్క, మావయ్య అరవ పేరున్నది తెచ్చాడు. అరవంలో దాని పేరు పేసుం పడం, అంటే మాట్లాడే బొమ్మ. అరవ అక్షరాలు చూసి ఎవరూ తీసుకోలేదు. "ఇందులో భాషే లేదండీ, ఏ పేరుతో చూసినా ఒకటే సినిమా" అని మావయ్య చెప్పినా నమ్మలేదు. చివరికి ఒక రోజు షాపు ముందు టీవీ పెట్టి తనే వేశాడు. ఒక్కొక్కళ్ళే ఆగారు. బస్సు తప్పిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ తర్వాత ఆ కేసెట్ నెల రోజులు షాపులో కనబడలేదు. హాల్లో పెద్దగా పట్టించుకోని సినిమాలు ఇట్లా కేసెట్ల మీద, నోటి మాట మీద బతికేవి. ఇవాళ కల్ట్ సినిమా అంటున్నారే, మా షాపులో దానికి పేరు లేదు కానీ రిజిస్టర్లో లెక్క ఉండేది. ఒకే మనిషి ఒకే సినిమాని ఏడోసారి, తొమ్మిదోసారి తీసుకెళ్ళిన లెక్క.

* * *

షోలే గురించి మావయ్యకీ మా హిందీ మాస్టారికీ పెద్ద వాదన ఉండేది. దుబాయి నుంచి వచ్చిన ఒకతని దగ్గర ఉన్న కేసెట్లో చివర పోలీసులు రారని, ఠాకూరు గబ్బర్‌ని కాళ్ళతోనే చంపేస్తాడని మావయ్య చెప్పేవాడు. తను కళ్ళతో చూశానని. మాస్టారు నవ్వేసేవాడు. "నేను ఆ సినిమా హైదరాబాదులో చూశానయ్యా, పోలీసులు వచ్చి పట్టుకెళ్తారు, నువ్వు కల కన్నావు" అనేవాడు. ఆ కేసెట్ అడిగి తెద్దామంటే ఆ మనిషి మళ్ళీ దుబాయి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఈ వాదన సాగింది. షాపులో ఎవరూ మావయ్యని నమ్మలేదు. నేను పైకి నమ్మినట్టు ఉన్నా లోపల నాకూ అనుమానమే.

శివ విషయంలో మాత్రం అందరూ మావయ్య పక్షమే. ఆ సినిమా తీసిన రామ్‌గోపాల్ వర్మ అంతకు ముందు హైదరాబాదు అమీర్‌పేటలో వీడియో కేసెట్ల షాపు నడిపాడని పత్రికలో వచ్చినప్పుడు, మావయ్య ఆ ముక్క కత్తిరించి షాపు గోడకి అంటించాడు. కేసెట్లు తిప్పి తిప్పి చూసినవాడికే సినిమా ఎక్కడ అతికిందో ఎక్కడ తెగిందో తెలుస్తుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

కేబుల్ వచ్చాక తగ్గుముఖం పట్టింది. కేబుల్ అబ్బాయి మా షాపులోనే ఒక కేసెట్ తీసుకెళ్ళి ఊరంతటికీ వేసేవాడు, మర్నాడు ఆ సినిమా అడిగేవాళ్ళుండరు. తర్వాత వీసీడీలు, ఒక్క సినిమాకి రెండు మూడు డిస్కులు. మావయ్య అవీ పెట్టాడు. కొన్నేళ్ళకి కొత్త వీసీడీనే 28 రూపాయలకి బడ్డీకొట్లో అమ్మేయడం మొదలైంది. అద్దెకి ఎవరు వస్తారు? ఒక రోజు బోర్డు దించి, కొన్ని కేసెట్లు ఎవరెవరికో ఇచ్చేసి, తనకి ప్రాణమైనవి ఈ రేకు పెట్టెలో సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. 2016లో ఫునాయ్ కంపెనీ ఇంక వీసీఆర్‌లు చేయడం ఆపేస్తోందని, ప్రపంచంలో అవి చేస్తున్న చివరి కంపెనీ అదేనని పేపర్లో చదివి నాకు ఫోన్ చేశాడు. "మన డెక్కు వాళ్ళేరా" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

* * *

ఆ తర్వాత ఒకసారి కంటి ఆపరేషన్‌కి హైదరాబాదు వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉన్నాడు. చూపు కుదుటపడ్డాక నా దగ్గరున్న డిస్కుల్లోంచి సత్యజిత్ రాయ్ బెంగాలీలో తీసిన అపు చిత్రాల పెట్టె తీశాను, అపు అనే ఒకే కుర్రాడి కథగా నడిచే మూడు సినిమాలు. వాటి నెగటివ్‌లు 1993లో లండన్‌లో ఒక ల్యాబ్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. మాడి, అంచులు కరిగి, ఎందుకూ పనికిరావనుకున్న ఆ ముక్కల్ని పారేయకుండా దాచారు. ఏళ్ళ తర్వాత ఇటలీలోని బొలోన్యాలో వాటిని మళ్ళీ మెత్తబరిచి, చేత్తో అతుకులు వేసి, కుదరని చోట వేరే ప్రింట్ల నుంచి తీసుకుని 4కేలో బాగుచేశారు. మంచి సినిమాల్ని డిస్కుల మీద తెచ్చే అమెరికా కంపెనీ క్రైటీరియన్ వాళ్ళు 2015లో డిస్కులు తెచ్చారు. అవి అమెరికా రీజియన్‌వి, మన దగ్గర కొన్న ప్లేయర్‌లో ఆడవు. వాటికోసమే అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ తెప్పించుకున్నాను.

మావయ్యకి ఇదంతా చెప్పి, వాటిలో మొదటిది, పథేర్ పాంచాలి పెట్టాను. భాష రాదు, కింద ఇంగ్లీషు అక్షరాలు చదవలేడు. అయినా కదలకుండా చూశాడు. అక్కా తమ్ముడూ రెల్లు పూల మధ్య రైలు చూడటానికి పరిగెత్తే చోట ముందుకి వంగాడు. అయిపోయాక డిస్కు ఇమ్మని, వెలుతురుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు, కేసెట్ అద్దంలోంచి బూజు కోసం చూసేవాడే, సరిగ్గా అట్లాగే.

"కాలిపోయిన దాన్ని చేత్తో అతికించారా?"

"అవును మావయ్యా."

"అతుకు ఎక్కడా తెలీట్లేదురా" అన్నాడు. ఇంకా కాసేపు చూసి, "మనవి ఎప్పుడొస్తాయి ఇట్లా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. హాళ్ళలో వస్తున్నాయి, సంతోషం. హీరోల పుట్టినరోజులకి 4కే అని వేస్తున్నారు, కుర్రాళ్ళు కాగితాలు చించి ఎగరేస్తున్నారు, తెల్లారికి అది వెళ్ళిపోతుంది. ఫోనులో, యూట్యూబ్‌లో దొరుకుతాయి, మూల మీద ఎవరిదో ముద్రతో, పక్కలు కోసేసి. కానీ మిస్సమ్మ, గుండమ్మ కథ, నర్తనశాల ఇట్లా మంచి పెట్టెలో, తీసినవాళ్ళ గురించి నాలుగు పేజీల పుస్తకంతో, ఇంట్లో అరలో పెట్టుకుని మనవలకి ఇచ్చేలా రావాలి. నా స్నేహితుడు పంపే జాబితాలో ప్రతి నెలా మొదట వెతికేది ఒక తెలుగు పేరు కోసమే. పాత సినిమాల్ని కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు మలయాళం, మణిపురి సినిమాల్ని బాగుచేసి కాన్ చిత్రోత్సవం దాకా తీసుకెళ్ళారు. మనదీ ఒకటి ఆ వరసలో చూడాలని నాకు ఎంత ఆశో.

మావయ్య పోయిన కొన్ని నెలలకి, 2025 నవంబర్లో, శివ మళ్ళీ హాళ్ళలోకి వచ్చింది. ఒక్కణ్ణే వెళ్ళాను. సైకిల్ చైను తెంపే చోట హాలంతా లేచి నిలబడింది. నేను లేవలేకపోయాను, గోడకి అంటించిన ఆ పత్రిక ముక్క కళ్ళముందు కదిలింది.

డిసెంబర్లో షోలే. బాగుచేసిన ప్రింట్. దానికోసం మూల ఫిల్ము ఇంగ్లండులో ఒక గోదాములో కూడా దొరికిందని, సెన్సారు వాళ్ళు అప్పట్లో మార్పించిన అసలు ముగింపు ఇందులో పెట్టారని ముందే చదివాను. చదివినా నమ్మకం కుదరలేదు. చివరి ఫైటు మొదలైనప్పటి నుంచీ నా అరచేతులు తడిసిపోయాయి. ఠాకూరు బూట్లు. గబ్బర్ చేతులు. పోలీసుల జీపు వస్తుందేమో, వస్తుందేమో అని చూస్తున్నాను. రాలేదు. ఠాకూరు గబ్బర్‌ని చంపేశాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఫోను తీశాను. ఎవరికి చేయాలో తెలీలేదు. హిందీ మాస్టారూ లేడు.

* * *

సంవత్సరీకం రోజు ఆ రేకు పెట్టె ముందు కూర్చుని అత్తయ్యకి ఇదంతా చెప్పాను. గబ్బర్ చచ్చిపోయాడు అత్తయ్యా, మావయ్య చెప్పింది నిజమే అన్నాను. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తోంది, చెయ్యి ఆపలేదు. "ఆయన చెప్తూనే ఉండేవాడుగా" అంది.

కేసెట్లు ఒక్కొక్కటే తీసి గుడ్డతో తుడిచి పక్కన పేర్చాను. మాయాబజార్ ఉంది. అరవ అక్షరాల పుష్పకవిమానం ఉంది. లవకుశ ఒకటే ఉంది, మొదటిది. పెట్టంతా వెతికాను, రెండోది లేదు. అడుగున అట్ట రిజిస్టర్ దొరికింది, చివరి పేజీల్లో వెతికితే కనబడింది. లవకుశ, రెండు కేసెట్లు, తీసుకున్నవారి పేరు, ఊరు, వాపసు అన్న చోట "1" అని రాసి, దాని పక్కన ఆకుపచ్చ పెన్నుతో ఒక చుక్క.

అత్తయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఆ పేరు మెల్లిగా చదివింది.

"వీళ్ళ పెద్దబ్బాయి ఇప్పుడు బెజవాడలో ఉంటున్నాడు నాన్నా. మొన్న పెళ్ళిలో కనబడ్డాడు. ఫోను నంబరు ఉంది" అంది. తర్వాత కాసేపాగి, "అడగనా?" అంది.